ఇనుప పొడికి బంక

వార్చి పెట్టుకున్న గంజి మాయమైతే ఏ ఇల్లాలైనా పిల్లినో పక్కింటి బర్రెనో అనుమానిస్తుంది. నేను మాత్రం నేరుగా మా ఆయన్ని అనుమానించేదాన్ని. ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. అరవయ్యో దశకం మొదట్లో, కొల్లాపూర్‌లో మేం కాపురం పెట్టిన కొత్తలో, నా వంటింట్లోకి వచ్చిన ప్రతి వస్తువునూ ఆయన ముందు వేళ్ల మధ్య నలిపి చూసేవారు. మినప్పిండి, సగ్గుబియ్యం, గోరుచిక్కుడు గింజలు, ఏదీ తప్పించుకోలేదు. జిగురు లేదని తేలితేనే అది మా కంచాల్లోకి వచ్చేది.

ఆయన ఉద్యోగం అలాంటిది. ఊరి బయట హైదరాబాదు సేటు ఒకాయన రేకుల షెడ్డు వేయించాడు. ఇనుపరాయి తవ్వినచోట పెద్ద రాళ్లు అమ్ముడుపోతాయి, పొడి మిగిలిపోతుంది. ఆ పొడిని అలాగే కొలిమిలో పోస్తే గాలి ఆడదు, సగం పొగతోపాటే పైకి పోతుంది. అందుకని దాన్ని తడిపి, గోళీకాయంత ఉండలు చుట్టి, ఎండబెట్టి, కాల్చి ఉక్కు ఫ్యాక్టరీలకు అమ్మాలని సేటు ఆలోచన. ఇనుప పొడి ఊరికే ఉండ కాదు కదా, దాన్ని అతికించేది ఏదో ఒకటి కావాలి. అందరూ బెంటొనైట్ అనే బంకమన్ను వాడతారట. అది రాజస్థాన్ నుంచి రైల్లో రావాలి. ఏ వ్యాగను ఎప్పుడొస్తుందో రైలువాళ్లకే తెలియదు. "దాని బదులు ఇక్కడ దొరికేది ఏదైనా చూడు" అని కెమిస్ట్రీ చదివిన మా ఆయన్ని జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆయనకు ఇక్కడ దొరికేది అంటే మొట్టమొదట కనిపించింది నా వంటిల్లు.

నేను పైకి విసుక్కున్నా లోపల ఊరుకునేదాన్ని. ఎందుకంటే నాకు కావలసింది నాకు దొరికింది. రెండర్రల ఇల్లు. నల్లమల అడవి నుంచి చెంచులు తెచ్చే చెట్ల బంక కొని అమ్మే ఒక ముస్లిం కుటుంబం తమ వాకిలి చివర కట్టి మాకు కిరాయికి ఇచ్చింది. ముందు అర్రలో ఒక మంచం, వెనక అర్రలో పొయ్యి. పొయ్యికి ఎదురుగా చిన్న కిటికీ. అంతే. ఆ పొయ్యి మీద ఏం వండాలో నేనే అనుకునేదాన్ని, నేనే వండేదాన్ని, మాడితే నేనే తినేదాన్ని.

ఇందులో గొప్పేముంది అనుకునేవాళ్లు మర్రిగూడ దగ్గర మా అత్తగారింట్లో ఒక ఎండాకాలం గడిపి చూడాలి. పెళ్లయ్యాక నేనక్కడ ఏడాది ఉన్నాను. బావలు, తోడికోడళ్లు, పిల్లలు, అత్తమ్మ, మామ, మామ తమ్ముడు, గొర్రెలు, మేకలు, అందరికీ కలిపి ఒకే పొయ్యి. పప్పులో ఉప్పు వేయాలన్నా నా చేతికి నలుగురు అడ్డం. నల్లగొండ పక్కన పానగల్‌లో పుట్టి, ముగ్గురే ఉన్న ఇంట్లో గారాబంగా పెరిగినదాన్ని. ఆ ఏడాది నేను గట్టిగా నవ్విన గుర్తు లేదు. ఇక అక్కడి బావినీళ్లు తాగితే నోట్లో పండ్లు పచ్చబడతాయని మా అమ్మ భయం వేరే.

కొల్లాపూర్‌లో మా మొదటి ఎండాకాలం మొదలవుతుండగా షెడ్డు మేస్త్రీ కబురు తెచ్చాడు. వానలు పడకముందే పట్నం నుంచి పెద్ద ఇంజనీరు వస్తున్నాడు. పొడి ఉండల్ని తల ఎత్తు నుంచి రేకు మీదికి వదులుతాడు, తర్వాత కొలిమిలో పెడతాడు. రెండింటికీ నిలిస్తే షెడ్డు ఉంటుంది. లేకపోతే తాళమే. షెడ్డుకు తాళం పడితే నా రెండర్రలకూ పడ్డట్టే. మళ్లీ మర్రిగూడ, మళ్లీ ఆ పొయ్యి.

దాంతో నేనే గంజి వార్చి ఇవ్వడం మొదలుపెట్టాను.

జొన్నగంజితో చుట్టిన ఉండలు చూడ్డానికి ముద్దొచ్చేవి. ఆరేలోపు చీమలు పట్టాయి, చీమలు వదిలినవాటికి బూజు పట్టింది. బెల్లం మడ్డితో చుట్టినవి ఇంకా బాగా అతుక్కున్నాయి గానీ, షెడ్డు పక్కనుంచి పోయే మేకలు ఆ సంగతి మాకంటే ముందే కనిపెట్టాయి. పొద్దున్నే వచ్చి చాటలకు చాటలు నాకి వెళ్లేవి. వాటిని కాసే ముసలాయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, నా మేకలు ఇనుము తింటున్నయి. గడ్డి మొఖం చూస్తలేవు. వాటికేమన్న అయితె ఎవరిది జిమ్మా?"

మా ఆయన ఆయనకు చాయ్ పోయించి, మడ్డి మానేస్తానని మాటిచ్చారు. పేడ కూడా ప్రయత్నించారు. ఆ వారం ఆయన్ని నేను ఇంట్లోకి రానివ్వలేదు, కాబట్టి దాని గురించి నాకు ఎక్కువ తెలియదు.

చివరికి ఇంటివాళ్ల బంకే దిక్కయింది. ఇంటి ఖాలా, అంటే బంక వ్యాపారం చేసే ఆయన భార్య, ఏరగా మిగిలిన మురికి బంక ఒక బస్తా ఇచ్చింది. నీళ్లలో నానబెట్టి పొడిలో కలిపితే ఉండలు రాళ్లలా అయ్యాయి. రేకు మీద వదిలితే ఠంగుమని ఎగిరాయి. మా ఆయన సంతోషం పట్టలేక నాకు కూడా ఒకటి ఇచ్చి వదలమన్నారు. కానీ కొలిమిలో పెట్టగానే బంక కాస్తా కాలిపోయింది, ఉండలు పొడిపొడిగా రాలిపోయాయి. ఆయన రెండు రోజులు నా వంటింటి వైపు కూడా చూడలేదు.

మూడో రోజు సంస్థానం వాళ్ల పాత కోటగోడ పక్కనుంచి నడిచొస్తూ ఆయనకు డంగుసున్నం గుర్తొచ్చింది. బెల్లంనీళ్లు, కరక్కాయ రసం పోసి గానుగలో నూరిన సున్నంతోనే కదా ఆ గోడలు కట్టారు. జిగురు మొదట పట్టుకుంటుంది, సున్నం తర్వాత పట్టుకుంటుంది. చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి వచ్చి నాతో చెప్పారు.

"పచ్చిగ ఉన్నప్పుడు బంక ఆపుతది. బంక కాలినంక సున్నం ఆపుతది. గింతే గదనే."

అలాగే చేశారు. పది ఉండల్లో ఎనిమిది నిలిచాయి. ఆ సాయంత్రం నేను పాయసం చేశాను. సగ్గుబియ్యం పూర్తిగా నాకే దక్కింది.

సరిగ్గా అప్పుడు దిగింది మా అత్తమ్మ.

దేవరకొండ మీదుగా బస్సులు మారుతూ, నెత్తిన మూటతో, ఒక్కతే వచ్చింది. చెంబెడు నీళ్లు తాగి, ఇంకో చెంబెడు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని విషయం చెప్పేసింది.

"మీ మామ నిన్ను తోల్కరమ్మన్నడు బిడ్డా. షెడ్డు మూస్తరంట గద. ఇద్దరు మనుషులకు కిరాయి ఇల్లెందుకు? సామాను సదురుకో."

మా ఆయన అటు చూశారు, ఇటు చూశారు, ఇంజనీరు వచ్చి పోయాక చూద్దామన్నారు. ఆమె సరేనంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఒక ఎత్తుగడే అనుకున్నాను నేను.

తెల్లారి లేచి చూస్తే నా పొయ్యి ముందు, నా పీట మీద ఆమె కూర్చుని ఉంది. అప్పటికే రొట్టెలు అయిపోయాయి. "నీకెందుకు పిల్లా, నువ్వు జర పండుకో" అంది. మర్నాడూ అంతే. నా ఉప్పు కుండను కుడివైపు నుంచి ఎడమవైపుకు జరిపింది. కిటికీలో తులసాకులు ఆరబెట్టింది. ఏం కూర వండాలో నన్ను అడగలేదు. మర్రిగూడ నన్ను తీసుకుపోవడానికి రాలేదు, మర్రిగూడే మూట కట్టుకుని నా ఇంటికి వచ్చిందని నేను ఖాలాతో మొత్తుకున్నాను. ఖాలా అప్పటికే మా అత్తమ్మ పార్టీలో చేరిపోయింది. ఇద్దరూ మలీద గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. సద్దుల బతుకమ్మకు మేం చేసే మలీదా, పీర్ల పండుగకు వాళ్లు చేసే మలీదా ఒకటేనా కాదా అని. రొట్టె నలిపి, బెల్లం కలిపి, ముద్ద కట్టడంలో మా అత్తమ్మకు చుట్టుపక్కల ఊళ్లలో పేరుంది. వియ్యాలవాళ్లు వస్తే ఆమె ముద్ద పిడికిలి దాటాల్సిందే. ముద్ద చిన్నదైతే వచ్చినవాళ్లను చిన్న చేసినట్టేనని ఆమె లెక్క.

"మీ అత్త దిల్ పెద్దది బేటీ" అనేది ఖాలా. "నువ్వే జర గరం ఉన్నవ్."

ఇంజనీరు రేపొస్తాడనగా షెడ్డులో ఉండలు చుట్టే డ్రమ్ము ఇరుసు విరిగింది. మా ఆయన జల్లించిన పొడినంతా ఇంటికి తెచ్చి, పొద్దున్నుంచి చేత్తోనే చుట్టారు. గోళీకాయంత ఉండలు, వాకిట్లో చాటల నిండా. వాటిని ఆరబెట్టి ఆయన కొలిమి చూసుకోవడానికి పోయారు. నేను, ఖాలా అంగడికి పోయాం, పట్నం మనిషికి కూరగాయలు తేవాలి కదా. ఇంట్లో అత్తమ్మ ఉంది. ఇంకేం ఫికర్ అనుకున్నాం.

తిరిగొచ్చేసరికి చాటల్లో గోళీలు లేవు. పిడికిలంత నల్లటి ముద్దలు, వరుసగా, నున్నగా, నీళ్లు రాసి నిమిరినవి. వాటి మధ్య మా అత్తమ్మ మోచేతుల దాకా నలుపుతో, మొహం వెలిగిపోతూ కూర్చుని ఉంది.

"చూడు పిల్లా, ఎంత మంచిగ కుదిరినయో. పెద్దసారు పట్నం నుంచి వస్తుంటె గా గోళీలు సూపెడ్తమా? మనింటి ఇజ్జత్ పోదా? ఇంకా పచ్చిగనే ఉన్నయి, జర నీళ్లు చల్లి అన్ని కలిపి కట్టిన."

నేను చేతిలో సంచీ కింద పెట్టాను. వంకాయలు దొర్లిపోయాయి. అంత పెద్ద ముద్ద లోపల తడి ఆరదు, కాలిస్తే ఆ తడి ఆవిరై ముద్ద పేలిపోతుంది. ఇన్ని నెలలుగా ఆ సంగతి వినీ వినీ నిద్రలో కూడా చెప్పగలను. ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ కలిసి మాట బయటికి వచ్చేసింది.

"మీకు కావల్సింది గిదే గద అత్తమ్మా. షెడ్డు మూస్తె నన్ను తోల్కపోవచ్చు. అందుకే జేసిండ్రు."

ఆమె నన్ను చూసింది. లేచి వెళ్లి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. ఆ పూట అన్నం తినలేదు. నేనూ పిలవలేదు, నిజం చెప్పాలంటే.

మా ఆయన వచ్చి, చాటలు చూసి, గడప మీద కూలబడి, నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఆయన మీద కూడా మండింది. "మా అమ్మ సారుకు మలీద చేసింది" అంటూ కళ్లు తుడుచుకున్నారు. నవ్వు ఆగాక మెల్లగా చెప్పారు. ఇప్పుడు పగలగొట్టి మళ్లీ చుట్టినా పొద్దుటికి ఆరవు. ఇవే చూపిద్దాం, జరిగింది చెబుదాం, ఆపైన సారు దయ.

పొద్దున్నే జీపు వచ్చింది. ఇంజనీరు కోస్తా మనిషి, నెత్తిన టోపీ, మాటకు ముందు అండీ, వెనక అండీ. నేనూ అత్తమ్మా షెడ్డు బయట రేకు చాటున నిలబడ్డాం. మా ఆయన ఏదో వివరించబోతుంటే, ముందు చూద్దామండీ అంటూ ఆయనే ఒక ముద్దను చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. కొలిమిలో పెట్టించాడు. కాసేపటికి మొదటిది పేలింది. తర్వాత దీపావళే. ఇంజనీరు గెంతిన గెంతుకు టోపీ పోయి నీళ్ల డ్రమ్ములో పడింది. మేస్త్రీ బస్తా అడ్డం పెట్టుకున్నాడు. పొగ తగ్గేసరికి షెడ్డులో ఎవరూ ఎవరి మొహం చూడటం లేదు. ఇక అయిపోయింది అనుకున్నాను.

నా పక్కన అత్తమ్మ లేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని షెడ్డు మధ్యకు నడుస్తోంది. మా మామకు ఎదురుగా కూడా నిలబడి మాట్లాడని మనిషి, తడిసిన టోపీ పిండుకుంటున్న పరాయి మగవాడి ముందు పోయి నిలబడింది.

"సారూ, గా ముద్దలు నేను కట్టిన. మా పిల్లగాడు గోళీలంతనే జేసిండు. మీరు పెద్దమనిషి గద, చిన్నయి ఎట్ల పెట్టాలె అని నేనే అన్ని కలిపి పెద్దగ జేసిన. నాకు ఎరుక లేక జేసిన. వాన్ని ఏమనకుండ్రి. షెడ్డు మూయకుండ్రి. నా కోడలి ఇల్లు పోతది."

ఇంజనీరు టోపీ పిండటం ఆపాడు.

"నా కోసం పెద్దవి చేశారా, పెద్దమ్మగారూ?"

"ఔ సారూ."

"సరే. సాయంత్రం దాకా ఉంటానండీ. అయితే ఈసారి నన్ను గౌరవించకండి."

నవ్వాలో ఏడవాలో తెలియక మేమంతా పనిలో పడ్డాం. మిగిలిన ముద్దలు పగలగొట్టాం. ఖాలా, ఆమె కూతుళ్లు కూడా వచ్చారు. కొల్లాపూర్ ఎండకు షెడ్డు వెనక బండ కాలికి అంటుకుంటోంది, ఉండలు దాని మీద పరిచాం. మా అత్తమ్మ ఈసారి భయంతో ఎంత చిన్నవి చుట్టిందంటే, కొన్ని మిరియాల్లో కలిపేయొచ్చు. "గింతనా? ఇంకా చిన్నగనా?" అని ప్రతి ఉండకూ అడిగేది. "అమ్మా, జర పెద్దగ చెయ్యి" అని ఆయన బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇంజనీరు మా వంకాయ కూర తిని, షెడ్డు నీడలో కునుకు తీశాడు.

ఎండ వాలేసరికి గోళీలు ఆరి గలగలా మోగాయి. రేకు మీద పడి ఎగిరాయి, పగల్లేదు. కొలిమిలోంచి ఎర్రగా బయటికి వచ్చి చల్లారాక, బూటు కింద పెట్టి తొక్కినా నిలిచాయి. అన్నీ కాదు, చాలావరకు. ఇంజనీరు ఒకటి జేబులో వేసుకుని, షెడ్డు నడవనివ్వమని సేటుకు చెబుతానన్నాడు. పోయేముందు మా అత్తమ్మకు చేతులు జోడించాడు. ఆమె సిగ్గుతో స్తంభం వెనక్కు పోయింది.

సంతోషంతో నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆమెను అన్న మాట గుర్తొస్తే సిగ్గేసింది, అయినా సంతోషమే ఎక్కువ. మర్నాడు పొద్దున ఆమె ప్రయాణమని నేనే అనుకుని, రాత్రే ఆమె బట్టలు మూటగట్టి, దారిలోకి రొట్టెలు చేయడానికి పెందలాడే లేచాను. ఆమె నాకంటే ముందే లేచి పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఊరికే, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"అత్తమ్మా, బస్సు టైమైతాంది" అన్నాను. తర్వాత, "నిన్న కాదు మొన్న నేనన్న మాట మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాను.

ఆమె అది విన్నట్టే లేదు.

"పద్నాలుగేండ్లప్పుడు నేను ఆ ఇంట్లకు వచ్చిన బిడ్డా. మా అత్త ఉన్నన్నొద్దులు పొయ్యి ఆమెది. ఆమె పోయేనాటికి నీ తోడికోడండ్లు వచ్చిండ్రు. ఒక్క పొద్దన్న ఒక్కదాన్నే కూసుని నాకేం తినబుద్ధయితదో అది వండుకోలే. గీ కిటికీ ముంగట గీ పీట మీద కూసుంటె పాణం ఎంత నిమ్మళమైతదో."

నేను వెళ్లి ఆమె పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"నిన్ను తోల్కపోను రాలే నేను. నిన్ను తోల్కొస్తనని చెప్తెనే మీ మామ నన్ను బస్సెక్కనిచ్చిండు. ఇంకో నాలుగొద్దులు ఉంటనే బిడ్డా. ఇప్పుడే పంపకు."

ఆమె జరిపిన ఉప్పు కుండ ఎడమవైపే ఉంది. ఆ రోజు నుంచి అది అక్కడే ఉండిపోయింది. నేను ఆమె బట్టల మూట విప్పి, ముందు అర్రలోకి వెళ్లి మంచం మీద పడుకుని, ఆమె ఏం వండుతుందో వాసన చూస్తూ ఉండిపోయాను. చింతచిగురు పప్పు. మా ఇంట్లో ఆమె ఒక్కదానికే ఇష్టం అది.

షెడ్డు ఆ తర్వాత కొన్నేళ్లు నడిచింది. ప్రతి ఎండాకాలం మా అత్తమ్మ కోడల్ని తోల్కరావడానికి మర్రిగూడలో బస్సెక్కేది. నాలుగు వారాలుండి ఒక్కతే తిరిగి పోయేది. మాట వినే పిల్ల కాదని, ఎంత చెప్పినా కదలదని, ఇంటికి పోయి నా మీద చెప్పేదట. మామ, బావలు, తోడికోడళ్లు, ఊరు ఊరంతా నా పొగరు గురించి మాట్లాడుకునేవాళ్లట. ఏ పెళ్లికి పోయినా ఆ చూపులు నాకు తెలిసేవి. ఆమె దూరంగా కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్ను చూసి నవ్వేది. వచ్చే ఏడు కూడా తోల్కపోను రమ్మని నేను కళ్లతోనే చెప్పేదాన్ని.